జోడు రీడ్ల హార్మోనియం: మెట్టు నొక్కితే స్వరం ఊగుతోందా?

ఒకే స్థాయి రీడ్లు (గాలికి కంపించి మోగే ఇత్తడి నాలుకలు) రెండు వరసలున్న పెట్టెలో రెంటికీ కాస్త తేడా ఉంటే స్వరం ఊగుతుంది. ఒకటి 440, రెండోది 442 హెర్ట్జ్ అయితే సెకనుకు 2 ఊపులు. అకార్డియన్‌లో దీన్ని కావాలనే పెడతారు, అది వెట్ ట్యూనింగ్. తేడా లేకపోతే డ్రై. కాబట్టి రీడ్లను ఆకురాయితో గీసి సరిచేసే ముందు అది లోపమా, ఎవరో కోరి చేయించిందా తేల్చుకోవాలి.

సమస్య: అన్ని మెట్లూ ఊగుతున్నాయి, పైకి పోయేకొద్దీ వేగంగా

కారణం: ఇది లోపం కాదు, వెట్ ట్యూనింగ్. వరసల మధ్య 8 సెంట్లు (పక్కపక్క మెట్ల మధ్య దూరంలో నూరో వంతు ఒక సెంటు) తేడా ఉంటే 220 హెర్ట్జ్ దగ్గర సెకనుకు 1, 440 దగ్గర 2, 880 దగ్గర 4 ఊపులు వస్తాయి.

పరిష్కారం: నెల్లూరు, ఒంగోలు వైపు పద్యనాటకాలకు వాయించే పెట్టె అయితే డ్రై చేయించండి. రాగం తీసి నిలిపినప్పుడు కింద శ్రుతి ఊగుతుంటే గాయకుడికి ఆనుకునే చోటుండదు. పదిమంది కలిసి పాడే భజనలకు ఆరు శ్రుతి (పాశ్చాత్య స్వరం A) మెట్టు మీద సెకనుకు 1 నుంచి 2 ఊపులు నిండుగా ఉంటాయి. అంతకు మించితే తంబురాతో పొసగదు.

సమస్య: ఒకటి రెండు మెట్లే ఊగుతున్నాయి

కారణం: మైపాడు, కొత్తపట్నం లాంటి తీరపు ఊళ్లలో ముందు అనుమానించాల్సింది చిలుమునే. ఇత్తడి నాలుక కొసన పేరుకుంటే బరువు పెరిగి స్వరం దిగుతుంది. నవంబరు వానల్లో మూసి ఉంచిన పెట్టెల్లో ఇది మరీ ఎక్కువ. దుమ్ము ఇరుక్కున్నా, రీడు స్క్రూ వదులైనా తేడా వస్తుంది.

పరిష్కారం: పొడి మెత్తని బ్రష్‌తో తుడిచి, సందులో పలుచటి కాగితం ముక్క నెమ్మదిగా లాగండి. స్క్రూలు బిగించండి. నూనె, కిరోసిన్ వద్దు, దుమ్ము ఇంకా అంటుకుంటుంది. అప్పటికీ తేడా పోకపోతేనే ఆకురాయి.

నాలుక కింద పలుచటి రేకు ఆనించి సన్నటి ఆకురాయితో గీయాలి. స్వరం పెరగాలంటే కొసన, తగ్గాలంటే రివెట్ వైపు, అంటే నాలుకను బిగించిన మొదలు దగ్గర. చిన్న రీడ్లలో ఒక్క గీతకే కొన్ని సెంట్లు మారిపోతాయి. వేలి వేడికీ స్వరం దిగుతుంది, కనుక చల్లారనిచ్చి, రీడ్ల బోర్డు బిగించి, అప్పుడు ట్యూనర్ (స్వరాన్ని కొలిచే పరికరం) చూడండి. మొదటి వరసను ట్యూనర్‌కు సరిచేశాక దాన్ని మళ్లీ ముట్టుకోకండి. రెండో వరసను చెవితో దానికి కలపండి.

సమస్య: ఒక్క స్టాప్ (ఒక్కో వరసకు గాలి వదిలే గుండీ) తీసినా ఊగుతోంది

మూసిన స్టాప్ తోలు గట్టిపడి గాలి కారుతోంది. తోలు మార్చండి, రీడ్ల జోలికి పోకండి.

సమస్య: తిత్తి గట్టిగా కొడితే ఊపు మారుతోంది

గాలి ఒత్తిడికి పెద్ద రీడ్లు కొంచెం దిగుతాయి. కొలిచేటప్పుడు తిత్తి ఒకే తీరున నడపాలి, స్టాప్ పూర్తిగా తీసి ఉండాలి.

డ్రైయా వెట్టా తేలకపోతే డ్రైగానే ఉంచండి. వెట్ కావాలంటే రెండో వరసను కొసన గీసి పెంచితే చాలు. వెనక్కి రావాలంటే అవే రీడ్లను రివెట్ దగ్గర గీయాలి. అక్కడ పలుచబడిన నాలుక తొందరగా విరుగుతుంది.