పాత వ్యాను మరమ్మతు – మూడో పాఠం: పైకప్పు గట్టరు

వాన నీరు లోపలికి ఎక్కడ దూరుతోందో కనిపెట్టడానికి గత పాఠంలో పైపు నీటిని కిందినుంచి పైకి, ప్రతి అతుకు దగ్గరా ఆగుతూ పోసి, లోపల కూర్చున్న మనిషి చేత చెమ్మ కనబడిన చోటల్లా సుద్దతో గుర్తు పెట్టించాం. గుర్తు డ్రైవరు కాళ్ల దగ్గర పడినా నీరు దూరినది గట్టరులోనే అయి ఉండవచ్చు, ఎందుకంటే తలుపుల పక్కనుండే స్తంభాలు లోపల బోలుగా ఉండి, పైన దూరిన నీటిని నేల దాకా దించుతాయి.

పైకప్పు రేకు అంచునూ పక్క రేకు అంచునూ కలిపి స్పాట్ వెల్డింగ్ చేసిన చోట ఏర్పడే సన్నని కాలువే గట్టరు. వెల్డింగ్ చుక్కల మధ్య రేకులు పూర్తిగా అతుక్కోవు కనుక, ఆ సందును తయారీలోనే సీలెంటుతో, అంటే సందులు పూడ్చే జిగురు ముద్దతో, మూస్తారు. ఏళ్ల తరబడి ఎండకు అది బీటలు వారుతుంది, బీటలోకి దిగిన నీరు రేకుల మధ్య నిలిచి తుప్పు పట్టిస్తుంది.

ఇక్కడ చాలామంది ఎం-సీల్ (రెండు ముద్దలు కలిపి పిసికి పెట్టే ఎపాక్సీ పుట్టీ) పెట్టి ఊరుకుంటారు. అది రాయిలా గట్టిపడుతుంది, బండి శరీరమేమో గతుకుల్లో మెలితిరుగుతూనే ఉంటుంది. ఆ ముద్ద అంచున మళ్లీ సందు విచ్చుకుంటుంది. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ ఇంకా చెడ్డది: ఆరేటప్పుడు వెలువడే ఆమ్లం ఇనుమును తినడమే కాక, దాని మీద రంగు కూడా నిలవదు. వాడవలసింది బండి అతుకులకు అమ్మే పాలీయురేథేన్ సీలెంటు. ఆరాక కూడా అది రబ్బరులా సాగుతుంది.

పాత సీలెంటును మొద్దు స్క్రూడ్రైవరుతో పూర్తిగా గీకి తీయండి. అంతర్వేది, ఓడలరేవు, నర్సాపురం వైపు తిరిగే బండ్లకూ, చేపలూ రొయ్యలూ మోసే బండ్లకూ తుప్పులో ఉప్పు ఇంకి ఉంటుంది. దాన్ని కడగకుండా రంగు వేస్తే కొన్నాళ్లకే పొక్కులు లేస్తాయి. అందుచేత వైరు బ్రష్షుతో రుద్దాక మంచినీటితో రెండు మూడు సార్లు కడగాలి. సముద్రానికి దగ్గరి ఊళ్లలో బోరు నీరు తరచు ఉప్పగా ఉంటుంది కనుక, నోట వేసి చూసి ఉప్పదనం లేని నీటినే తెచ్చుకోవాలి. రేకు ఆరిన వెంటనే ఎనభయ్యో నంబరు ఎమరీతో మెరుపు వచ్చేదాకా రుద్ది, థిన్నరు గుడ్డతో తుడిచి ఎపాక్సీ ప్రైమరు (రంగుకు ముందు వేసే అడుగు పూత) పూయండి. చిల్లు పడితే మాత్రం సీలెంటుతో కప్పిపుచ్చవద్దు, అది టింకరింగ్ షెడ్డులో ముక్క అతికించవలసిన పని.

మన గోదావరి డెల్టా గాలిలోని తేమ ఈ పనిలో ఒకచోట శత్రువు, మరొకచోట మిత్రుడు. తెల్లవారి మంచు తడి మీద ప్రైమరు పట్టదు, అందువల్ల పొద్దెక్కి రేకు పూర్తిగా పొడిబారాకే పూయాలి. సీలెంటు గట్టిపడేది మాత్రం గాలిలోని తేమ వల్లనే. ప్రైమరు ఆరాక గట్టరు లోతట్టున సన్నని ధారగా సీలెంటు పెట్టి, సబ్బునీటిలో ముంచిన వేలితో సందులోకి నొక్కండి. మందంగా నింపితే కాలువ పూడి, వాన నీరు తలుపు మీదికి పొర్లుతుంది. రోజుకు సుమారు రెండు, మూడు మిల్లీమీటర్ల లోతు ఆరుతుంది కనుక రెండు రోజులు ఆగి రంగు వేసి, అది ఆరాక మళ్లీ పైపు పట్టండి. అప్పటికీ పాత గుర్తు తడిస్తే మొదట అద్దం చుట్టూ ఉండే రబ్బరును అనుమానించాలి. దాన్ని నాలుగో పాఠంలో విప్పుదాం.