డిజవో ఫైల్ ఎక్కించే ముందు జాగ్రత్తలు

డిజవో ఫైల్ అంటే, ఇతర సైట్ల నుంచి మీ సైటుకు వచ్చే లింకుల్లో వేటిని లెక్కలోకి తీసుకోవద్దో గూగుల్‌కు చెప్పే జాబితా.

• ముందు గూగుల్ సైటు యజమానులకు ఇచ్చే టూల్ అయిన సెర్చ్ కన్సోల్‌లో ‘మాన్యువల్ యాక్షన్స్’ (గూగుల్ మీ సైటుపై చర్య తీసుకుంటే కనిపించే పేజీ) తెరిచి చూడండి. అక్కడ ఏమీ లేక, మీరు లింకులు కొన్నదీ లేకపోతే, దయచేసి ఇక్కడే ఆగండి. చెత్త లింకులను చాలావరకు గూగులే లెక్కలోకి తీసుకోదు. ఏదో టూల్ చూపించిన ‘టాక్సిక్ స్కోర్’ (లింకులు ఎంత చెడ్డవో చెప్పే అంకె) చూసి టెన్షన్ పడొద్దు.

• కొన్న లింకులైతే, తీసేయమని ముందు ఆ సైట్ల వాళ్లనే అడగండి.

• పాత ఫైల్ డౌన్‌లోడ్ చేసి దాచుకోండి. కొత్తది ఎక్కించగానే పాత జాబితా మొత్తం పోతుంది.

• టెక్స్ట్ ఫైల్‌లో వరుసకు ఒక్క సైటు పేరో, ఒక్క పేజీ చిరునామానో మాత్రమే ఉండాలి. ఇంగ్లిష్‌లో ‘డొమైన్’, పక్కనే కోలన్, ఆపైన సైటు పేరు రాస్తే ఆ సైటు నుంచి వచ్చే లింకులన్నీ పోయినట్టే. మిమ్మల్ని మెచ్చుకుంటూ రాసిన పత్రిక సైటు పొరపాటున అందులో పడిందేమో, ఒక్కో వరుసా వేలు పెట్టి చదవండి.

• ఫలితానికి కొన్ని వారాలు పడుతుంది. మధ్యలో మార్చకండి.