ముందు బ్రేకు చాలడం లేదా? చిన్న కారుకు తక్కువ ఖర్చులో సమస్య - పరిష్కారం

పెద్ద డిస్కుల ధరలు వాకబు చేసే ముందు, వాహనాలు లేని పొడి తారు రోడ్డు మీద 40 కిలోమీటర్ల వేగంలో ఒక్కసారి గట్టిగా బ్రేకు తొక్కి చూడండి. (పెడల్ ఇప్పటికే నేలకు దిగుతుంటే ఈ పరీక్ష వద్దు.) పాదం కింద టకటకమని ఏబీఎస్ (చక్రాలు బిగుసుకోకుండా ఆపే ఏర్పాటు) కొట్టుకున్నా, ఏబీఎస్ లేని పాత బండిలో ముందు చక్రాలు బిగుసుకుని జారినా, బ్రేకుకు బలం ఉన్నట్టే. పట్టు లేనిది టైరుకు. అప్పుడు డిస్కులు మార్చినా బండి ఒక్క అడుగు ముందుగా ఆగదు. గట్టిపడిన టైర్లు మార్చి, గాలి సరిచూసుకుంటే ఆగుతుంది. ఎంత తొక్కినా అంతవరకు రాకపోతేనే కింది పనులు. ఆల్టో, వ్యాగన్ ఆర్, స్విఫ్ట్, ఐ10, టియాగో లాంటి, ముందు డిస్కు, వెనక డ్రమ్ము ఉన్న బండ్లకు ఇవి సరిపోతాయి.

పెడల్ మెత్తగా దిగిపోతోంది

మెత్తదనంలో రకాలున్నాయి. అవి తేల్చుకోకుండా బ్లీడింగ్ (లైనులోని గాలిని ఆయిల్‌తో పాటు బయటకు తీయడం) చేయిస్తే బ్రేక్ ఆయిల్ దండగ.

మొదటి తొక్కుకు కిందికి పోయి, వెంటనే రెండోసారి తొక్కితే పైకొస్తోందా? వెనక డ్రమ్ముల్లో షూలకూ (డ్రమ్ముకు లోపలి నుంచి ఒత్తుకునే ముక్కలు) డ్రమ్ముకూ మధ్య సందు పెరిగింది. ముందు ఎన్ని మార్చినా ఇది పోదు. డ్రమ్ములు విప్పి, ఆ సందును సరిచేసే అడ్జస్టర్ శుభ్రం చేసి, చక్రం చేత్తో తిప్పితే షూ సన్నగా రాసుకునేలా సరిచేయాలి. ఈ లోపానికి ముందు ప్యాడ్ల మీద డబ్బు పెడితే దండగే.

ఇంజన్ నడుస్తుండగా ఒకే ఒత్తిడితో నొక్కి ఉంచితే మెల్లగా నేలకు దిగుతోందా? బయట ఎక్కడా ఆయిల్ కారకపోతే మాస్టర్ సిలిండర్ (పెడల్ ఒత్తిడిని ఆయిల్‌కు అందించే భాగం) లోపలి సీళ్లు పోయినట్టే. అది మార్చేదాకా బండి తీయొద్దు.

ఎప్పుడు తొక్కినా స్పాంజిలా ఉంటే లైనులో గాలి ఉంది. దీనికి బ్లీడింగే మందు. ఇంజన్ దగ్గరున్న బ్రేక్ ఆయిల్ డబ్బా మూతమీద డాట్ 3 లేదా డాట్ 4 అని ఆయిల్ రకం రాసి ఉంటుంది. డాట్ 3 ఉన్న బండిలో డాట్ 4 వాడొచ్చు, డాట్ 5 మాత్రం సిలికాన్ ఆయిల్, కలపకూడదు. సీలు తీయని లీటరు డబ్బా కొంటే నాలుగు చక్రాలకూ సరిపోతుంది. చక్రం దగ్గర బ్రేకుకు ఉండే నిపుల్‌కు (ఆయిల్ బయటకు వదిలే చిన్న స్క్రూ) పారదర్శకమైన గొట్టం తగిలించి, రెండో కొస కొంచెం ఆయిల్ ఉన్న సీసాలో ముంచండి. ఒకరు తొక్కి పట్టుకుంటే మరొకరు నిపుల్ వదులు చేసి, పెడల్ అడుగుకు చేరక ముందే బిగించాలి. బిగించాకే పాదం ఎత్తాలి. ఈ వరుస తప్పితే గాలి వెనక్కి పీల్చుకుంటుంది. సాధారణంగా మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టి దగ్గరి చక్రంతో ముగిస్తారు. మాన్యువల్‌లో వేరే వరుస ఉంటే అదే పాటించండి. ఇంజన్ దగ్గరి డబ్బాలో ఆయిల్ ఎప్పుడూ అడుగంటకూడదు. ఏబీఎస్ యూనిట్‌లోకి గాలి పోతే తీయడానికి స్కానర్ ఉన్న షాపుకే పోవాల్సి రావచ్చు. రంగు మీద ఆయిల్ పడితే వెంటనే నీళ్లతో కడగండి, పెయింటును తినేస్తుంది.

ఘాట్ దిగేటప్పుడే బ్రేకు తగ్గుతోంది

తిరుమల కొండ దిగేటప్పుడో, అరకు, శ్రీశైలం దారుల్లోనో ఇది బయటపడుతుంది. పెడల్ గట్టిగానే ఉండి, మాడిన వాసనతో బండి ఆగకపోతే ప్యాడ్ వేడెక్కి పట్టు కోల్పోయింది. పెడలే మెత్తబడి లోపలికి పోతే బ్రేక్ ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు వచ్చాయి. ఈ రెండింటికీ మందు ఒకటి కాదు.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. తేమ పట్టాక ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోతుంది. డాట్ 3కి ఇవే అంకెలు 205, 140. తీరప్రాంతపు ఉక్కలో రెండేళ్లకు మించి వదిలేయొద్దు. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత తేడా తెచ్చే పని బ్రేకుల్లో మరొకటి లేదు.

ప్యాడ్ విషయానికొస్తే, కంపెనీ ప్యాడ్లు, లేదంటే బాష్, రానే, అలైడ్ నిప్పన్ లాంటి పేరున్నవి చాలు. బిల్లు ఇచ్చే షాపులో కొనండి, డూప్లికేట్లు ఎక్కువ. రేసింగ్ ప్యాడ్లు వద్దు: అవి వేడెక్కితేగానీ పట్టవు, పొద్దున్నే వీధి మలుపులో వచ్చే మొదటి తొక్కుకు మామూలు ప్యాడే మేలు. ఏ ప్యాడ్ వేసినా రెండో గేరులో దిగడం మానొద్దు.

పెడల్ రాయిలా ఉంది

ఇంజన్ ఆపి ఐదారుసార్లు తొక్కండి. పెడల్ నొక్కి ఉంచే ఇంజన్ స్టార్ట్ చేయండి. పెడల్ కొద్దిగా కిందికి జారాలి. జారకపోతే బూస్టర్ (ఇంజన్ వాక్యూమ్‌తో తొక్కుడుకు బలం చేర్చే భాగం), వాక్యూమ్ పైపు, దాని వాల్వు చూడాలి. ముందుగా పైపు పగుళ్లు చూడండి, అది చవక.

తొక్కితే ఒక పక్కకు లాగుతోంది

టైర్లలో గాలి సమానంగా ఉండి కూడా లాగితే, లోపం తరచుగా లాగే వైపు కాదు, ఎదుటి వైపు: అక్కడి కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) పట్టడం లేదు. తొక్కకపోయినా లాగుతూ, ఒక చక్రం రిమ్ము మిగతావాటికంటే వేడిగా ఉంటే ఆ వైపు కాలిపర్ వదలడం లేదు.

చక్రం విప్పి రెండు ప్యాడ్లనూ పోల్చండి. లోపలిది బాగా అరిగి బయటిది మందంగా ఉంటే స్లైడ్ పిన్నులు (కాలిపర్ అటూ ఇటూ జరిగే కడ్డీలు) పట్టేశాయి. విశాఖ, కాకినాడ ఉప్పుగాలికి ఇది మామూలే. పిన్నులు లాగి, తుప్పు తుడిచి, చిరిగిన రబ్బరు బూట్లు మార్చి, బ్రేకులకని అమ్మే సిలికాన్ గ్రీజు పలచగా పూయండి. బేరింగ్ గ్రీజు పూస్తే రబ్బరు ఉబ్బి, పిన్ను మళ్లీ పట్టేస్తుంది.

పిన్నులు బాగున్నా చక్రం బిగుసుకునే ఉంటే నిపుల్ కొంచెం వదులు చేయండి. చక్రం వెంటనే తిరిగితే ఆయిల్ వెనక్కి రావడం లేదు. ముందుగా అనుమానించాల్సింది లోపల మూసుకుపోయిన రబ్బరు హోసును. తిరగకపోతే కాలిపర్ పిస్టన్ తుప్పుతో పట్టేసి ఉండొచ్చు, సీలు కిట్టుతో పాటు పిస్టన్ కూడా చూడాలి.

బ్రేకు తొక్కితే స్టీరింగ్ వణుకుతోంది

డిస్కు వంగిందని అందరూ అంటారు. నిజానికి ఎక్కువసార్లు డిస్కు మందం చుట్టూ ఒకేలా ఉండదు, లేదా హబ్ (డిస్కు, చక్రం కూర్చునే భాగం) మీది తుప్పు వల్ల డిస్కు సరిగ్గా కూర్చోదు. అంచు దగ్గర 0.1 మిల్లీమీటరు ఊగినా తేడా కనిపించొచ్చు. కొత్త డిస్కు వేసినా హబ్ ముఖం వైరు బ్రష్‌తో రుద్దకపోతే కొన్ని వేల కిలోమీటర్లకు వణుకు తిరిగొస్తుంది. డిస్కు కనీస మందం ఎంతో దానిమీదే చెక్కి ఉంటుంది. లేత్ మీద చెక్కిన తర్వాత అంతకంటే పలచబడేట్టయితే చెక్కించొద్దు, జత మార్చండి. వీల్ నట్లు ఎయిర్ గన్‌తో ఇష్టమొచ్చినట్టు బిగించనివ్వొద్దు, టార్క్ రెంచి వాడాలి.

ప్యాడ్లు మార్చేటప్పుడు

లైనింగ్ 3 మిల్లీమీటర్లకు దిగితే మార్చేయండి, ఎప్పుడూ రెండు చక్రాలకూ కలిపే. జాకీ ఒక్కదాన్నే నమ్మొద్దు, స్టాండు పెట్టండి. కాలిపర్‌ను హోసుకు వేలాడదీయకుండా తీగతో కట్టండి. సీ క్లాంప్‌తో పిస్టన్ లోపలికి నొక్కేటప్పుడు ఇంజన్ దగ్గరి బ్రేక్ ఆయిల్ డబ్బా పొంగకుండా చూసుకోండి. దుమ్మును గాలితో ఊదొద్దు, బ్రేక్ క్లీనర్‌తో తడపండి. కొత్త డిస్కుకు ఉండే నూనె పొర కూడా దాంతోనే తుడవాలి. కిర్రుమనకుండా క్లిప్పులు, షిమ్ములు (ప్యాడ్ వెనకుండే పలచని రేకులు) కొత్తవే వేయండి. కదిలించే ముందు పెడల్ గట్టిపడేదాకా తొక్కండి, లేకపోతే మొదటి తొక్కు నేలకే.

తర్వాత ఖాళీ రోడ్డు మీద 60 నుంచి 10 కిలోమీటర్ల దాకా ఎనిమిది, పది సార్లు తగ్గించండి, పూర్తిగా ఆపకుండా, మధ్యలో అర నిమిషం విరామంతో. చివర పది నిమిషాలు బ్రేకు వాడకుండా నడిపి చల్లారనివ్వండి. వేడి డిస్కు మీద తొక్కి నిలిపితే ప్యాడ్ ముద్ర అక్కడే అంటుకుని వణుకు మొదలవుతుంది.

అయినా పెద్ద డిస్కు కావాలంటే

అదే మోడల్‌లో పై వేరియంట్‌కు పెద్ద డిస్కు ఉంటే దాని డిస్కు, కాలిపర్, బ్రాకెట్, ప్యాడ్లు, అవసరమైతే నకిల్ (హబ్, కాలిపర్ బిగించే భాగం) కూడా మొత్తం సెట్టుగా తీసుకోండి. కాలిపర్ పిస్టన్ పెద్దదైతే అదే మాస్టర్ సిలిండర్‌తో పెడల్ ఎక్కువ దూరం దిగుతుంది. ముందు బ్రేకు మితిమీరితే ముందు చక్రాలు త్వరగా జారతాయి, ఏబీఎస్ సెట్టింగు పాత భాగాలకే లెక్కగట్టి ఉంటుంది. లాభం ప్రధానంగా వేడిని తట్టుకోవడంలోనే. రంధ్రాల డిస్కులు వద్దు, చవక రకాలు రంధ్రాల దగ్గరే చిట్లుతాయి. కొనే ముందు రిమ్ము లోపల కాలిపర్‌కు కనీసం 3 మిల్లీమీటర్ల సందు మిగులుతుందో లేదో చూడండి. 13 అంగుళాల రిమ్ములు ఎక్కువగా ఇక్కడే ఆగిపోతాయి. రిమ్ము లోపల అతికించిన బ్యాలెన్సింగ్ బరువులు కూడా కాలిపర్‌కు తగలొచ్చు. చక్రం బిగించాక చేత్తో పూర్తిగా ఒక చుట్టు తిప్పి చూసి, ఆ తర్వాతే జాకీ దించండి.