పిరుదు లోపల సలుపుతోందా? డిస్క్ అని భయపడే ముందు ఇలా చూసుకోండి

"కూర్చుంటే పిర్ర లోపలెక్కడో సలుపుతోంది, లేచి నాలుగడుగులేస్తే తగ్గుతోంది." బెంగళూరులో మారతహళ్లి, బెళ్లందూరు వైపు ఆఫీసుల్లో పనిచేసే మనవాళ్ల నోట ఈ మాట తరచూ వినిపిస్తుంది. కొందరు సయాటికా (నడుము నుంచి కాలిలోకి పాకే నరం నొప్పి) అనేసుకుని ఎమ్మారైకి పరుగెడతారు. ఇంకొందరు వీడియో పెట్టుకుని కాలు బలంగా లాగేస్తారు. రెండూ తొందరపాటే.

పిరుదులో పైకి కనిపించే పెద్ద కండరం కింద పైరిఫార్మిస్ అని ఒక చిన్న కండరం ఉంటుంది. వెన్ను చివరి త్రికాస్థి నుంచి తొడ ఎముక పైకొస దాకా అడ్డంగా పోయి, కాలిని బయటికి తిప్పుతుంది. ఒంట్లోకెల్లా లావైన సయాటిక్ నరం మామూలుగా దీని కిందుగా దిగుతుంది. కొందరికి కండరం మధ్యలోంచే పోతుంది. కండరం బిగుసుకుని నరాన్ని నొక్కితే తొడ వెనక దాకా మంట, తిమ్మిరి. పైరిఫార్మిస్ సిండ్రోమ్ అన్న పేరు 1947 నాటిది. నరాన్ని నొక్కేవి అక్కడ ఇంకా ఉన్నాయి కాబట్టి ఇప్పుడు డీప్ గ్లూటియల్ సిండ్రోమ్ అని కూడా అంటున్నారు.

1. నొప్పి ఎక్కడో వేలు పెట్టి చూపించండి

పిరుదు నడిమధ్యలో, లోతుగా ఉండి, గట్టి కుర్చీలో కాసేపు కూర్చుంటే, మెట్లెక్కితే, కారు దిగుతుంటే పెరుగుతోందా? పైరిఫార్మిస్‌ని అనుమానించవచ్చు. నడుములో మొదలై మోకాలు దాటి పాదం దాకా పాకుతూ, దగ్గినా తుమ్మినా ఝల్లుమంటే వెన్నుపూసల మధ్య ఉండే డిస్క్ వైపు చూడాలి.

వేలు తుంటి పక్కనున్న ఎముక మీదికి వెళ్లి, ఆ పక్కకి తిరిగి పడుకోలేకపోతుంటే అది అక్కడి స్నాయువుల నొప్పి కావచ్చు. కూర్చున్నప్పుడు బల్లకి ఆనే ఎముక దగ్గరైతే తొడ వెనక కండరం అతుక్కునే చోటు. ఈ రెండింటికీ సాగదీసే వ్యాయామాలు చేస్తే నొప్పి ముదరవచ్చు. అందుకే ముందు వేలు పెట్టి చూడమనేది.

గజ్జల్లో నొప్పి అయితే తుంటి కీలుదే కావచ్చు. స్టెరాయిడ్లు చాలాకాలం వాడినవాళ్లు, మద్యం బాగా తాగేవాళ్లు దీన్ని వాయిదా వేయకండి. తొడ ఎముక తలకి రక్తం అందక అది దెబ్బతినే జబ్బు వాళ్లలో ఎక్కువ.

మూత్రం రాకపోయినా, మూత్రమో మలమో అదుపు తప్పినా, మర్మాంగాల చుట్టూ స్పర్శ పోయినా, కాళ్లలో బలం పోతున్నా, పాదం ఎత్తలేక ఈడుస్తున్నా ఇక ఇంటి చిట్కాల మాటే లేదు, వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి. జ్వరం, కిందపడ్డ దెబ్బ, పాత కేన్సర్, కారణం లేకుండా బరువు తగ్గడం ఉన్నవాళ్లు కూడా ముందు డాక్టర్ దగ్గరికే.

2. ఒత్తిడి తీసేయండి

వెనక జేబులో పర్సు తీసేయండి. పర్సు మీద కూర్చోవడం వల్ల వచ్చే సయాటికా గురించి 1978లోనే అమెరికా వైద్య సంఘం పత్రికలో రాశారు. ఎళనీరు (కొబ్బరిబోండాల) బండి మీద కూడా క్యూఆర్ కోడ్ కనిపించే ఊళ్లో అంత లావు పర్సు ఎందుకో నాకర్థం కాదు.

అరగంటకోసారి లేవండి. బల్ల మీద పెద్ద సీసా బదులు చిన్న గ్లాసు పెట్టుకుంటే నీళ్ల కోసమైనా లేస్తారు. కాలు మీద కాలు, బాసింపట్టు కొన్నాళ్లు మానండి. సిల్క్‌బోర్డ్ దగ్గర ఇరుక్కున్న క్యాబ్‌లోంచి దిగలేం కదా, మెట్రో అందే దూరంలో ఉంటే నిలబడి వెళ్లడమే మేలు.

రాత్రి వేడినీళ్ల సంచికి బట్ట చుట్టి 15–20 నిమిషాలు కాపడం పెట్టుకోండి. షుగర్ వల్ల స్పర్శ తగ్గినవాళ్లు మాత్రం వద్దు, కాలినా తెలియదు.

3. మెల్లగా సాగదీయండి

వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడవండి. నొప్పి ఉన్న కాలి చీలమండని రెండో మోకాలికి కాస్త పైన, తొడ మీద అడ్డంగా పెట్టండి. ఇప్పుడు ఆ రెండో తొడని చేతులతో పట్టుకుని ఛాతీ వైపు తెచ్చుకోండి. పిరుదులో లాగినట్టు తెలిస్తే చాలు. 30 సెకన్లు ఉంచి వదలండి. పూటకి మూడుసార్లు, రోజుకి రెండు పూటలు. తిమ్మిరి కాలిలోకి దిగితే వెంటనే ఆపేయండి. ఎంత నొప్పెడితే అంత గుణమన్న లెక్క నరం దగ్గర చెల్లదు.

4. బలం పెంచండి

చాలామంది వదిలేసేది ఇదే. నన్నడిగితే అసలు మందు ఇదే. కూర్చుని కూర్చుని పెద్ద కండరాలు నీరసపడితే ఆ బరువు చిన్న కండరం మీద పడుతుంది. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, పిరుదులు బిగించి నడుము పైకెత్తి 5 సెకన్లు ఉంచండి, పదిసార్లు. తర్వాత నొప్పి లేని పక్కకి తిరిగి మోకాళ్లు మడిచి, మడమలు విడదీయకుండా పై మోకాలిని మాత్రం తెరిచి మూయండి, ఇదీ పదిసార్లు. రోజు విడిచి రోజు చేస్తే చాలు.

నడవండి, కానీ చదునులో. లాల్‌బాగ్‌కి వెళ్తే చెరువు పక్క దారి చాలు, కెంపేగౌడ గోపురమున్న గుట్ట జోలికి ఇప్పుడే పోవద్దు. వారమంతా కూర్చుని ఆదివారం నంది కొండ మెట్లెక్కడం అంతకన్నా వద్దు.

5. మూడు నాలుగు వారాల్లో తగ్గకపోతే

ఎముకల డాక్టర్‌నో ఫిజియోథెరపిస్టునో కలవండి. దీన్ని తేల్చే పరీక్ష ఒక్కటంటూ లేదు. కాలు తిప్పి, నొక్కి చూసి, మిగతా జబ్బులు కావని నిర్ధారించుకుంటారు. ఎమ్మారైలో డిస్క్ ఉబ్బు కనిపించినా నొప్పికి అదే కారణమని ఖాయం కాదు, ఏ నొప్పీ లేనివాళ్లలో కూడా అది కనిపిస్తుంది. అవసరమైతే కండరంలోకి ఇంజెక్షన్ ఇస్తారు. ఆపరేషన్ దాకా వెళ్లేది అరుదు. బీపీ, కిడ్నీ, అల్సర్ ఉన్నవాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, గర్భిణులు మెడికల్ షాపులో నొప్పిమాత్రలు అడిగి తెచ్చుకోవద్దు.

ఈలోగా శుక్రవారం రాత్రి కడపకో విజయవాడకో బస్సెక్కాల్సి వస్తే, సీటు కాకుండా కింది స్లీపర్ తీసుకోండి. నొప్పి లేని పక్కకి పడుకుని, మోకాళ్ల మధ్య దుప్పటి మడత పెట్టుకోండి.