ఏ సంవత్సరమని కాదు, ఏ చోటని అడగండి: భీమిలి పెద్దల జ్ఞాపకాలు భద్రపరచే పద్ధతి

"అది ఏ సంవత్సరం?" అని మొదలుపెడితే ఎనభై దాటిన మనిషి తడబడతారు. "నాకేటి తెలుసు బాబూ" అని అక్కడితో ఆపేస్తారు. "గంటస్తంభం దగ్గర్నుంచి సముద్రం వైపు నడిస్తే ఎవరెవరి ఇళ్లు తగిలేవి మామ్మా?" అని అడిగి చూడండి, గంటసేపు చెబుతారు. భీమిలి పురపాలక సంఘం 1861 నాటిదన్న సంగతి కాగితాల్లో దొరుకుతుంది. డచ్చివారి సమాధుల మీద పేర్లూ తేదీలూ చెక్కి ఉన్నాయి. వలలు ఎక్కడ ఆరేసేవారు, నూలు వలలు పోయి నైలాన్ వలలు వచ్చాక ఏ పని పోయింది, గోస్తని నది పొంగితే నీళ్లు ఏ గడప దాకా వచ్చేవి అన్నవి మాత్రం మనుషుల దగ్గరే ఉన్నాయి.

వెళ్లేటప్పుడు ఒక చార్టు, రెండు పెన్సిళ్లు పట్టుకెళ్లండి. చార్టు మీద సముద్రం, గోస్తని కలిసే చోటు, గంటస్తంభం, లైట్‌హౌస్ మాత్రమే గీయండి. మిగతాది వాళ్లచేత చెప్పించి గీయండి. ఫోన్లోని మ్యాపు చూపిస్తే పని చెడుతుంది. ఇప్పటి రోడ్లు కళ్లెదుట ఉంటే పాత సందులు గుర్తుకు రావు.

కాలం తేల్చడానికి అందరికీ తెలిసిన గుర్తులు వాడండి. విశాఖ రేవు తెరిచింది 1933లో. జపానువాళ్ల బాంబులు పడింది 1942 ఏప్రిల్ 6న. ఉక్కు ఉద్యమం 1966లో, పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది 1971 డిసెంబరులో, హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12న. "బాంబులకి ముందా, తర్వాతా? ఘాజీ నాటికి ఆ కొట్టు ఉందా?" అని రెండు వైపుల నుంచీ బిగించుకురండి. ఆడవాళ్లని కాన్పుల లెక్కన అడగండి. పెద్దోడు కడుపులో ఉన్నప్పుడా, నడిచేటప్పుడా అంటే చాలామంది ఠక్కున చెబుతారు. రాసుకునేటప్పుడు ఒకే ఏడాది వేసేయకుండా "1966–71 మధ్య" అని వేయండి. ఊహించి వేసిన ఏడాదిని తర్వాత చదివేవాళ్లు నిజమనుకుంటారు, ఆ తప్పు ఇక దిద్దుబాటు కాదు.

మరొకటి, చూసినదీ విన్నదీ కలవకూడదు. బాంబులనాటికి పదేళ్లున్నవారికి ఇప్పుడు తొంభై దాటాయి. కాబట్టి ఆ సంగతి చెప్పే చాలామంది అమ్మానాన్నల దగ్గర విన్నవారే. విన్నదీ విలువైనదే, కాకపోతే ప్రతి సంగతి పక్కనా "చూశారు", "విన్నారు, ఎవరి దగ్గర" అని రాయండి.

రికార్డింగుకి ఖరీదైన సామాను అక్కర్లేదు. ఫోన్ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, మడిచిన తువ్వాలు మీద మనిషికి జానెడు దూరంలో ఉంచండి. సముద్రగాలి తగిలే అరుగు వద్దు, లోపలి గదిలో కూర్చోండి, ఫ్యాను ఆపండి. గాలి హోరు తర్వాత తీసేద్దామంటే మాట కూడా దెబ్బతింటుంది. వేవ్ (WAV) ఫైలు, 48 కిలోహెర్ట్జ్, 16 బిట్, మోనో పెడితే గంటకి దాదాపు 350 ఎంబీ అవుతుంది. ముందు రెండు నిమిషాలు తీసి, విని చూసుకోండి. మొదట తేదీ, ఊరు, పేరు చెప్పించండి. గంట, గంటన్నర దాటితే పెద్దవాళ్లు అలిసిపోతారు. మిగిలింది మరో రోజుకి పెట్టుకోండి. ఫైలుని ఆ రాత్రే మూడు చోట్ల పెట్టండి, అందులో ఒకటి మరో ఇంట్లో.

ఉప్పుగాలికి పాత ఫోటోలు అద్దానికి అంటుకుపోతాయి. పీకితే బొమ్మ అద్దం మీదే ఉండిపోతుంది. ఫ్రేమునే కిటికీ వెలుగుకి ఏటవాలుగా ఉంచి, అద్దంలో మెరుపు పడకుండా ఫోటో తీయండి. విడిగా ఉన్నవాటిని 600 డీపీఐలో స్కాన్ చేయండి. ల్యామినేషన్ వద్దే వద్దు, మళ్లీ విప్పలేం. వెనుక రాయాల్సి వస్తే మెత్తని పెన్సిల్‌తో, అంచున.

రాతలోకి ఎక్కించడం అన్నిటికన్నా పెద్ద పని, గంట మాటకి అయిదారు గంటలు పడుతుంది. "ఎల్లినాను", "ఏటి" అన్నవాటిని "వెళ్లాను", "ఏమిటి" అని దిద్దకండి. పడవలకీ గాలులకీ చేపలకీ వాళ్లు వాడే పేర్లు ఆ మాటల్లోనే ఉన్నాయి. తెలియని మాట దగ్గర నిమిషం, సెకను వేసి వదిలేయండి, చెప్పినవారినే మళ్లీ అడగొచ్చు.

అనుమతి రికార్డింగు ముందే కాదు, అయ్యాక మరోసారి తీసుకోండి. మాటల్లో పడి అప్పుల గొడవలూ కులం మాటలూ స్థలం తగాదాలూ బయటపడతాయి. "ఇది తీసెయ్యండి" అంటే వాళ్ల ముందే ఆ భాగం గుర్తించి, ఇతరులకి వినిపించే కాపీలో లేకుండా చూడండి. చార్టు నకలూ ఫైలున్న పెన్‌డ్రైవూ ఆ ఇంటికి ఇచ్చి రండి. మనవలు విన్నాక "మా మామ్మ ఒకటి మర్చిపోయింది" అని ఫోన్ చేస్తే, చార్టు తీసుకుని మళ్లీ వెళ్లండి.