కోడికి ఏం పెడితే కూరలో అదే

పెరట్లో నాలుగు నాటుకోళ్లు పెంచుకునేవాళ్లకి ఒక చిన్న చిట్కా. మేత మార్చితే మాంసంలో ప్రోటీన్ పెద్దగా మారదు, మారేది కొవ్వు రకం. ఊరికే మొక్కజొన్న, నూకలే వేస్తే ఒమేగా-3 అనే మంచి కొవ్వు మాంసంలో దాదాపు ఉండదు, అదే కోయడానికి ఒక నెల ముందు నుంచి కిలో మేతలో 50 గ్రాముల అవిసె గింజలు కలిపారనుకోండి, ఆ మంచి కొవ్వు మాంసంలోకి వస్తుంది, అదీ బ్రెస్ట్ కంటే తొడ ముక్కలో ఎక్కువ. గింజల్ని పచ్చివి వేయొద్దు, దోరగా వేయించి దంచి కలపండి, ఎక్కువైతే కూర నీచు వాసన కొడుతుంది, అందుకే 50 గ్రాములు దాటొద్దు.

ఎండుచేపల పొట్టు వేసే అలవాటుంటే కోతకి రెండు వారాల ముందే ఆపేయండి, లేదంటే చికెన్ తింటున్నామో చేపల పులుసు తింటున్నామో తెలీదు 😄

ఇంకోటి, కొవ్వు పసుపుపచ్చగా ఉంటే అసలైన నాటుకోడి అని చాలామంది అనుకుంటారు గానీ ఆ రంగు మొక్కజొన్న, ఆకుకూరల వల్లే వస్తుంది, ఫారం కోడికైనా అవి పెడితే అదే రంగు. మునగాకు, తోటకూర కాడలు మాత్రం రోజూ కోళ్లకి వేయండి, ఖర్చేం లేదుగా.