సైనాప్స్ పాఠాలు – 4: రసాయనం ఎక్కడ ఆగుతుంది?

సైనాప్స్‌లో, అంటే రెండు నాడీకణాలు కలిసేచోట, సందును దాటిన సంకేత రసాయనం ఎసిటైల్‌కోలిన్ ఏమవుతుందని గత పాఠం చివర అడిగితే, చాలామంది అది తర్వాతి నాడీకణంలోకి వెళ్లి సంకేతాన్ని అందిస్తుందని రాశారు. ఈ అపోహ ఉండగా రాబోయే పాఠాలేవీ అర్థం కావు కనుక, ఈసారి చెప్పదలచిన గ్లూటమేట్ అనే మరో సంకేత రసాయనం సంగతిని వాయిదా వేస్తున్నాను. ఆక్సాన్ (పంపే కణపు పొడవాటి తీగ) కొనలోకి కాల్షియం రావడం, రసాయనం నిండిన బుడగలు పొరకు అతుక్కుని తెరుచుకోవడం మీకు తెలిసినవే.

రెండు నాడీకణాల మధ్య సందు సుమారు 20 నానోమీటర్లు. దాన్ని దాటిన ఎసిటైల్‌కోలిన్ అవతలి కణపు పొరలోని గ్రాహకానికి (రసాయనాన్ని పట్టుకునే ప్రోటీన్‌కు) బయటివైపునే అతుక్కుంటుంది. నికోటినిక్ రకం గ్రాహకమైతే అదే ఒక ద్వారం కూడా. అది తెరుచుకున్నప్పుడు లోపలికి వెళ్లేది ప్రధానంగా సోడియం, ఎసిటైల్‌కోలిన్ కాదు. గ్రాహకాన్ని వదిలిన ఎసిటైల్‌కోలిన్‌ను సందులోనే ఉన్న ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ ఎసిటేట్‌గా, కోలిన్‌గా విడగొడుతుంది. ఆ కోలిన్‌ను తిరిగి తీసుకునేది కూడా పంపిన కణమే.

ఫలితాన్ని నిర్ణయించేది గ్రాహకమేనని గుండెకు వెళ్లే వేగస్ నాడి చక్కగా చూపుతుంది. 1921లో ఓటో లోవీ, వేగస్‌ను ప్రేరేపించిన కప్ప గుండెలోని ద్రవాన్ని మరో గుండెకు అందించగా, అది కూడా నెమ్మదించింది. ఆ ద్రవంలో పనిచేసింది ఎసిటైల్‌కోలినే. అయితే ఈ దారిలో ఎసిటైల్‌కోలిన్ రెండుసార్లు విడుదలవుతుంది: మొదట గుండెను ఆనుకున్న నాడీకణాల గుంపు, గాంగ్లియాన్‌లో నికోటినిక్ గ్రాహకాల ద్వారా తర్వాతి నాడీకణాన్ని ఉత్తేజపరుస్తుంది, ఆ కణం విడుదల చేసినది గుండె కణాల మస్కారినిక్ అనే మరో రకం గ్రాహకాలకు అతుక్కుని, పొటాషియం బయటకు పోయే ద్వారాలు తెరుచుకునేలా చేసి, గుండెను నెమ్మదింపజేస్తుంది. అందుకే రసాయనం పేరును నేనెప్పుడూ ఒంటరిగా రాయను, పక్కనే గ్రాహకం పేరు రాస్తాను. మీరూ ఈ అలవాటు చేసుకోవాలని నా కోరిక.

అభ్యాసం: మన పొలాల్లో వాడే పురుగుమందుల్లో ఆర్గనోఫాస్ఫేట్ రకానివి ఎసిటైల్‌కోలినెస్టరేజ్‌ను పనిచేయనివ్వవు. ఆ విషం ఎక్కిన మనిషికి నోట నురగ వస్తుంది, గుండె నెమ్మదించవచ్చు, కండరాలు అదిరి ఆపై చచ్చుబడతాయి. చికిత్సలో ఇచ్చే అట్రోపిన్ గుండె వేగాన్ని పెంచుతుంది, స్రావాలను తగ్గిస్తుంది, కానీ కండరాల బలహీనతను సరిచేయదు. ఎందుకు? ఎముకలను కదిలించే కండరాలపై ఉన్నవి నికోటినిక్ గ్రాహకాలని గుర్తుంచుకుని, బొమ్మ గీసి వివరించండి. “లోపలికి” అని రాసిన ప్రతిచోటా ఏది లోపలికి వెళ్లిందో తప్పక రాయండి.